బొగ్గు బస్సు: ఇంజను పీల్చే గాలి చరిత్ర

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేసినవి. అంతకు నెల ముందే రంగూన్ జపానువారి వశమైనది. దానితో బర్మా చమురు ఇండియాకు రాకుండా పోయినది. అస్సాంలోని డిగ్బాయిలో 1901 నుండి చమురు శుద్ధిచేసే కర్మాగారం ఉన్నది గాని, దాని ఉత్పత్తి దేశావసరాలకు ఏ మూలకూ చాలదు. ఓడల మీద వచ్చే చమురు ముందుగా సైన్యానికి పోయేది. పెట్రోలుకు 1941లోనే రేషను పెట్టినారు. ఊళ్ళ మధ్య బస్సు నడిపే యజమానికి అప్పుడు రెండే దారులు మిగిలినవి: బస్సును షెడ్డులో పెట్టి తాళం వేయడం, లేదా పెట్రోలు లేకుండానే దానిని నడపడం.

గోదావరి డెల్టాకు కాలువలే పాత రహదారులు. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో ముగిసిన తరువాత, ధాన్యమూ మనుషులూ పడవల మీదనే సాగేవారు. పడవకు పెట్రోలు అక్కరలేదు. తెరచాప, గడ, గట్టున నడుస్తూ తాడు లాగే మనుషులు ఉంటే చాలును. కాని జబ్బుపడిన వానిని ఆసుపత్రికి చేర్చాలన్నా, వాయిదా వేళకు కోర్టులో ఉండాలన్నా పడవ నడక చాలదు. బస్సే కావాలి. ఆ బస్సుకైనా గోదావరి అడ్డమే. రాజమండ్రి వద్ద రైలు, రోడ్డు కలిసిన వంతెన 1974లో గాని రాలేదు. అంతవరకు ప్రయాణికులు 1900లో తెరచిన హేవ్‌లాక్ వంతెన మీద రైలులోనో, లేక లాంచీలోనో నది దాటి, అవతలి గట్టున మరల బస్సు ఎక్కవలసి ఉండేది. ఇటువంటి రోజులలో మద్రాసు రాష్ట్రమంతటా కనిపించిన వింత వాహనమే బొగ్గు బస్సు.

పెట్రోలు కంటె గ్యాసే ముందు

ఇంజను పుట్టుక నాటి నుండి పెట్రోలుతోనే నడిచినదని పలువురు అనుకొంటారు. అది సరికాదు. 1860లో ఫ్రాన్సులో లెన్వార్ నిర్మించిన ఇంజను గాని, 1876లో జర్మనీలో ఆటో నిర్మించిన నాలుగు ఘాతాల ఇంజను గాని నడిచినది నేలబొగ్గు నుండి తీసిన వాయువుతోనే. పెట్రోలును సన్నని తుంపరగా చేసి గాలిలో కలిపే కార్బురేటరును మేబాక్ 1893లో రూపొందించిన తరువాతనే, పెట్రోలు ఇంజను మోటారు బండికి తగినట్లుగా కుదురుకొన్నది. కనుక 1940 ప్రాంతాలలో ఇంజనుకు మరల గ్యాసు పట్టడం క్రొత్త వింత కాదు. అది దాని పుట్టింటి ఆహారమే.

బొగ్గును కొలిమిలో అరకొరగా మండించి ఇంధనవాయువు తీయడం కూడ పాత విద్యయే. 1839లో జర్మనీలో బిషాఫ్ అట్టి కొలిమిని నిర్మించినాడు. 1861లో సీమెన్స్ సోదరులు దానిని గాజు, ఉక్కు పరిశ్రమలకు పనికివచ్చేటట్లు తీర్చిదిద్దినారు. ఫ్రెంచి రసాయనికుడు జార్జి ఇంబర్ 1920ల నాటికి కట్టె ముక్కలతో పనిచేసే కొలిమిని మోటారు బండికి అమర్చినాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఐరోపాలో లక్షల బండ్లు ఇటువంటి వాయువుతోనే నడిచినవి. ఒక్క స్వీడను దేశంలోనే అవి సుమారు 70 వేలకు పైబడినవి.

కొలిమిలో జరిగే పని

బస్సు వెనుకభాగాన నిలువెత్తు ఇనుప పీపా ఒకటి బిగించేవారు. అందులో కర్రబొగ్గు నింపి అడుగున నిప్పు అంటించేవారు. కొలిమిలోకి పోయే గాలి కొద్దిగానే ఉంటుంది. మొదట బొగ్గు ఆ గాలిలోని ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. ఈ చర్యలో వేడి పుట్టుతుంది. ఆ వాయువు ఎఱ్ఱగా కాలుతున్న పై బొగ్గు పొరగుండా పోయేటప్పుడు మరికొంత కర్బనాన్ని తీసుకొని కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. ఇది మండే వాయువు. బొగ్గులోని తేమ కూడ కాలుతున్న కర్బనంతో కలిసి మరికొంత కార్బన్ మోనాక్సైడును, ఉదజనిని ఇస్తుంది. అయితే గాలితోబాటు వచ్చిన నత్రజని ఏ మార్పూ లేక వెంట వస్తుంది. కనుక కొలిమి నుండి వెలువడే వాయువులో సగానికి పైగా నత్రజనియే. మండే భాగం మూడవ వంతుకు కొంచెం అటూఇటూగా ఉంటుంది.

ప్రయాణానికి ముందు క్లీనరు వెనుకకు పోయి పిడి పట్టుకొని చిన్న గాలిపంకాను చాలసేపు త్రిప్పేవాడు. నిప్పు రాజుకొని మంచి వాయువు వచ్చిన తరువాతనే ఇంజను కదిలేది. ఒక లీటరు పెట్రోలు చేసే పనికి సుమారు ఒకటిన్నర కిలోల బొగ్గు కావలసి ఉండేది. పచ్చికట్టె వేస్తే తారు పుట్టి కవాటాలను పట్టివేస్తుంది. అందుచేత ఎండిన మంచి బొగ్గునే కోరేవారు. బరువు, గట్టిదనము గల సరుగుడు బొగ్గు, బూడిద తక్కువగా మిగిల్చే కొబ్బరిచిప్పల బొగ్గు ఈ పనికి తగిన జాతులు. ఈ రెండు చెట్లూ గోదావరి తీరానికి చిరపరిచితములే.

ఎందుకు చల్లార్చాలి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. కొలిమి నుండి వాయువు వందల డిగ్రీల వేడితో వస్తుంది. దానిని నేరుగా ఇంజనుకు కలిపితే ఏమవుతుంది? సిలిండరు ఒక గిన్నె వంటిది. ప్రతి పీల్పులోను అందులోకి పట్టే ఘనపరిమాణం ఒక్కటే. కాని పట్టే పదార్థం ఒక్కటి కాదు. పీడనం మారనప్పుడు వాయువు సాంద్రత దాని పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉంటుంది. 18వ శతాబ్ది చివర ఫ్రాన్సులో షార్లు గమనించి, 1802లో గేలూసాక్ ప్రకటించిన నియమానికి ఇది ఫలితము.

లెక్క వేసి చూడవచ్చును. వాయువు వేడి 327 డిగ్రీల సెంటిగ్రేడు అనుకొందాము. దీనికి 273 కలిపితే పరమ ఉష్ణోగ్రత 600. దానిని 47 డిగ్రీలకు చల్లార్చితే 320. అనగా చల్లారిన వాయువు అదే స్థలంలో 600ను 320తో భాగించినంత, సుమారు 1.9 రెట్లు, ఎక్కువగా పట్టుతుంది. ఒక్క చల్లార్పుతోనే ఇంజనుకు దొరికే ఇంధనం దాదాపు రెట్టింపు అయినది!

అందుచేతనే కొలిమికీ ఇంజనుకూ నడుమ బస్సు ప్రక్కల వెంబడి, పైకప్పు మీదుగా పొడవాటి గొట్టాలు త్రిప్పేవారు. బస్సు పోతున్నప్పుడు ఎదురుగాలి తగిలి అవి చల్లారేవి. వాటితోబాటు బూడిదను సుడిలో త్రిప్పి క్రింద పడవేసే పాత్ర ఒకటి, పీచుతోను గుడ్డతోను చేసిన వడపోత ఒకటి ఉండేవి. వడపోత చిరిగితే సన్నని బూడిద సిలిండరు గోడలను ఆకురాయి వలె అరగదీసేది. చివరకు ఇంజను ముంగిట ఒక కవాటంలో చల్లని వాయువు, చల్లని గాలి ఇంచుమించు సమపాళ్ళలో కలిసేవి.

ఇంత చేసినా బలం తగ్గక తప్పదు. ఈ వాయువు ఒక ఘనమీటరు మండితే సుమారు 1,200 కిలో కేలరీల వేడి వస్తుంది. దానికి సమంగా గాలి కలిపితే, ఒక ఘనమీటరు మిశ్రమానికి దక్కేది 600. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమంలోనైతే ఇది సుమారు 850. ఇక్కడే మూడు పాళ్ళలో ఒక పాలు దాదాపుగా పోయినది. గొట్టాలలోను, వడపోతలోను వాయువు ఈడ్పు వలన మరికొంత పోయేది. మొత్తం మీద ఇంజను బలం ఇంచుమించు సగానికి దిగేది. ఏటిగట్టు ఎక్కవలసి వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి నడవవలసి వచ్చేదంటే ఆశ్చర్యం లేదు. అయితే ఈ వాయువు ఎక్కువ ఒత్తిడికి కూడ తట్టుకొని, ముందుగా ప్రేలకుండా నిలుస్తుంది. అందుచేత సిలిండరు మూతను అరగదీసి ఒత్తిడి పెంచడం, నిప్పురవ్వను కొంచెం ముందుగా పడవేయడం వంటి ఉపాయాలతో కొంత బలం తిరిగి రాబట్టవచ్చును.

డెల్టా గాలి

ఇదే నియమం పెట్రోలు బండికి కూడ వర్తిస్తుంది. 27 డిగ్రీల గాలికి పరమ ఉష్ణోగ్రత 300. రాజమండ్రి వేసవిలో 47 డిగ్రీల గాలికి 320. వేసవి గాలి సాంద్రత ఆరు శాతం తక్కువ. బోనెట్ క్రింద ఇంజను సెగకు గాలి 67 డిగ్రీలకు వేడెక్కితే లోటు సుమారు 12 శాతం. తీరప్రాంతపు ఉక్క కూడ తన వంతు తీసుకొంటుంది. 30 డిగ్రీల వద్ద గాలిలో ఆవిరి నిండుగా ఉంటే దాని పీడనం సుమారు 32 మిల్లీమీటర్లు. తేమ 80 శాతమైతే అది 25 మిల్లీమీటర్లు. 760 మిల్లీమీటర్ల మొత్తం పీడనంలో ఇది మూడు శాతానికి పైమాట. అంత మేరకు ఆమ్లజనికి చోటు లేకుండా పోయినట్లే.

అయితే చల్లదనం ఎప్పుడూ మేలే అనుకోరాదు. పెట్రోలు ద్రవం. అది ఆవిరి కావడానికి వేడి కావాలి. కార్బురేటరులో ఆవిరి అయ్యేటప్పుడు చుట్టుపట్ల వేడిని లాగివేయుటచేత, చలిదేశాల తేమగాలిలో అక్కడ మంచు పేరుకొని ఇంజను ఆగిపోయేది. అందుకే పాతకాలపు బండ్లలో పీల్పుగొట్టాన్ని పొగగొట్టపు సెగతో వెచ్చజేసేవారు. బొగ్గువాయువుకు ఈ చిక్కు లేదు. అది ముందే వాయువు గనుక ఎంత చల్లబరచినా లాభమే.

కనిపించని శత్రువు

బొగ్గు బస్సుకు బలమిచ్చిన కార్బన్ మోనాక్సైడే ప్రాణం తీసే విషము. దానికి రంగు లేదు, వాసన లేదు. ఈ వాయువు రక్తంలోని హీమోగ్లోబినును పట్టి ఆమ్లజనికి చోటు లేకుండా చేస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 1857లో వివరించినాడు. దాని పట్టు ఆమ్లజని పట్టుకంటె రెండువందల రెట్లకు మించినది. గనులలో ఈ వాయువును పసిగట్టుటకు ఎలుకలను, చిన్న పక్షులను వెంట తీసుకొనిపోవలెనని 1890లలో చెప్పినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన కుమారుడే, 1957లో ఇండియాకు వచ్చి 1964లో భువనేశ్వరులో కన్నుమూసిన జె. బి. ఎస్. హాల్డేన్.

మూసిన షెడ్డులో కొలిమి రాజేయడం, వేడి తగ్గకముందే మూత తెరచి లోపలికి తొంగిచూడడం, ఆగిన బస్సులో కిటికీలు మూసుకొని నిద్రపోవడం, ఇవన్నీ ప్రాణాపాయపు పనులు. తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం దీని తొలి గుర్తులు. ఆ మనిషిని వెంటనే ఆరుబయటికి తీసుకొనిపోవలెను. ఈ హెచ్చరిక నాటితో తీరిపోలేదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించేవారికి, మూసిన షెడ్డులో కారు ఇంజను నడిపేవారికి ఈనాటికీ అది వర్తిస్తుంది.

నాటి పాఠము, నేటి వాడుక

యుద్ధం 1945లో ముగిసినది. పెట్రోలు సరఫరా క్రమంగా కుదుటపడగానే కొలిమిని విప్పి పడవేసినారు. మసి, బూడిద, అరగంట ఆలస్యం ఎవరికి మాత్రం ఇష్టం? తరువాత డీసెలు బస్సులు వచ్చినవి. కాని కొలిమి విద్య పూర్తిగా చావలేదు. 1980ల నుండి బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వంటి సంస్థలు కట్టెలతో, పంటల వ్యర్థాలతో వాయువు తీసి విద్యుత్తు పుట్టించే పద్ధతులను మెరుగుపరచినవి. ఊక గుట్టలు పడే డెల్టాకు ఇది ఆలోచించదగిన విషయమే.

ఈనాడు కొందరు యువకులు తమ కారుకు బలం పెంచుటకై చల్లని గాలి పీల్చే గొట్టాన్ని ప్రత్యేకంగా చేయించి బిగించుకొంటున్నారు. అందులోని సూత్రం బొగ్గు బస్సు గొట్టాల సూత్రమే. అయితే లాభాన్ని లెక్కతో చూడవలెను. నేటి కార్లలో చాలవాటికి కర్మాగారంలోనే ముందుభాగం నుండి బయటి గాలి అందే ఏర్పాటు ఉంటుంది. క్రొత్త గొట్టం బోనెట్ సెగలోనే తెరచుకొంటే లాభానికి బదులు నష్టం వస్తుంది. వడపోత పలుచనైతే దుమ్ము లోపలికి పోయి, నాడు బూడిద చేసిన పనినే చేస్తుంది.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం డెల్టాలో నీరు. గొట్టం మూతిని చల్లదనం కోసం బంపరు క్రిందికి దించితే, రోడ్డు మీద మోకాటిలోతు నీటిలోనే అది నీటిని పీల్చుతుంది. గాలి నొక్కితే నొక్కుకొంటుంది, నీరు నొక్కుకొనదు. అడుగు నుండి వేగంగా వచ్చే పిస్టను ఆ నీటిని ఢీకొనగానే, దానిని మోసే ఇనుప కడ్డీ వంగిపోతుంది. 1986 ఆగస్టు గోదావరి వరదను, 1996 నవంబరు 6వ తేదీ కోనసీమ తుపానును చూసిన సీమలో ఈ సంగతి మరచిపోరాదు. గాలి చల్లగా ఉండవలెను, శుభ్రంగా ఉండవలెను, నీటికి ఎత్తున ఉండవలెను. మూడూ కుదిరిన చోటే గొట్టానికి తగిన చోటు.

పాఠశాలలో ఈ నియమాన్ని చూపడం సులభము. ఖాళీ గాజు సీసా మూతికి రబ్బరు బుడగ తొడిగి, సీసాను గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచి, ఆపైన కొంచెం ఎక్కువ వేడి నీటిలోకి మార్చవలెను. బుడగ ఉబ్బుతుంది. తరువాత కుండలోని చల్లని నీటిలో పెడితే అది ముడుచుకొంటుంది. సీసాలోని గాలి పెరగలేదు, తరగలేదు. అది ఆక్రమించిన చోటు మాత్రమే మారినది. అదే గాలి తక్కువ చోటులో ఇమిడినదంటే, అదే చోటులో ఎక్కువ గాలి ఇముడునని అర్థము. ఎనభై యేండ్ల క్రిందట బస్సు పైకప్పు మీద గొట్టాలు త్రిప్పిన మెకానిక్కు ఈ నియమం పేరు తెలిసియుండకపోవచ్చును. చల్లారని వాయువుతో బస్సు గట్టు ఎక్కదని మాత్రం అతనికి బాగా తెలుసు.