సాము నుంచి సర్కసు దాకా: మల్లవిద్యలో బలసాధన

తెలుగులో ‘సాము’ అన్న మాటకు కసరత్తు అనీ, ఆయుధాభ్యాసం అనీ రెండర్థాలూ ఉన్నాయి. అరబ్బీలో బోధన అని అర్థమున్న ‘తాలీము’ కూడా తెలుగునాట ఇదే వరుసలో స్థిరపడి, సాధన చేసే చోటు తాలింఖానా అయింది. ఒళ్లు గట్టిపరచుకోవడాన్నీ పోరు నేర్చుకోవడాన్నీ భాష విడదీయలేదు. నేటి మార్షల్ ఆర్ట్స్ జిమ్ములో మాత్రం ‘స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్’కు వేరే వేళ, వేరే శిక్షకుడు. ఈ ఎడం మన మల్లవిద్యలో ఎలా ఏర్పడిందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని (పాలన 1126-1138) ‘మానసోల్లాసం’లోని మల్లవినోద ప్రకరణం ఇందుకు మంచి ఆధారం. తెలంగాణ ప్రాంతం కూడా ఈ రాజుల ఏలుబడిలో ఉండేది కనుక దీన్ని పరాయి గ్రంథంగా చూడనక్కరలేదు. మల్లులను వయస్సు, దేహప్రమాణం, బలం బట్టి ఇది వర్గీకరిస్తుంది. సాధనలకు విడివిడిగా పేర్లు పెట్టింది: బరువుతో చేసేది భారశ్రమ, నడక భ్రమణశ్రమ, ఈత సలిలశ్రమ, స్తంభంతో చేసేది స్తంభశ్రమ. పేర్లు వేరైనంత మాత్రాన విద్య వేరు కాలేదు. స్తంభాన్ని చేతులతో, తొడలతో బిగించడమంటే ప్రత్యర్థి నడుమును బిగించే పట్టును ముందుగా అలవరచుకోవడమే.

గోదాలోని కసరత్తునూ ఈ దృష్టితోనే చూడాలి. దండీ తీసేటప్పుడు ఛాతీ నేలను రాసుకుంటూ ముందుకు సాగి పైకి లేస్తుంది. కాళ్లు పట్టబోయే ప్రత్యర్థిని అణచడానికి భుజాలు చేసే పని దాదాపు ఇదే. గద బరువంతా ఒక కొననే ఉంటుంది. దాన్ని వీపు వెనుక నుంచి తిప్పితే పిడికిలి, ముంజేయి, భుజం ఒకేసారి పనిచేస్తాయి. గోదా మన్ను తవ్వి గుల్ల చేయడం కూడా, ఆ మాటకొస్తే, కసరత్తే.

వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తినాయుడు ఈ సంప్రదాయపు మలుపులో నిలుస్తాడు. విజయనగరంలో కుస్తీ సాధన చేసి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, వ్యాయామోపాధ్యాయుడై, ఆపై సర్కసు కంపెనీ నడిపాడు. ఊపిరి బిగించి ఇనుప గొలుసు తెంచడం, రొమ్ముపై ఏనుగును నిలపడం ఆయన ప్రసిద్ధ ప్రదర్శనలు. వీటిని అతిమానుష శక్తిగా కీర్తించి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. కింద పడిన మల్లుడు పైవాడి బరువును ఊపిరి బిగించి కాచుకోవాలి. ఏనుగు ప్రదర్శన ఆ భారశ్రమకే పరాకాష్ఠ. అయితే ఇక్కడ ప్రత్యర్థి లేడు. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడున్నాడు. బలం పోరు నుంచి విడివడి తానే ఒక విద్య అయింది.

బడుల్లోని డ్రిల్లు మరో వైపు నుంచి ఇదే పని చేసింది. దీన్ని కేవలం నష్టమనలేం. గురువు అనుగ్రహం కోసం ఎదురుచూడనక్కర లేకుండా వ్యాయామం చాలామంది పిల్లలకు అందింది. కానీ గరిడి గురువుల పాఠంలో ఎక్కువ భాగం కాగితమెక్కలేదు. అమలాపురంలో దసరా ఊరేగింపుకు యువకులను తయారుచేసే తాలింఖానాల్లో దాన్ని ఇప్పటికీ అడిగి రాసుకోవచ్చు.