నిరీక్షణ తెర – పుట్టుక

ముక్తేశ్వరం రేవున నిలిచిన ప్రయాణికునికి, కోటిపల్లిలో బయలుదేరిన పంటు నడిగోదావరిలో కనిపించినంతనే ఆత్రము సగము తగ్గును. ఆలస్యము తగ్గలేదు, దాని కొలత తెలిసినది, అంతే.

కంప్యూటరు ఎదుట కూర్చున్నవానికి ఇట్టి కొలత చాలకాలము లభింపలేదు. జవాబు పదిహేను సెకన్లు దాటినచో మనిషికిని యంత్రమునకును సంభాషణ సాగదని 1968లో రాబర్ట్ మిల్లర్ వ్రాసెను. తరువాత తెరమీదికి ఇసుకగడియారపు బొమ్మ వచ్చినది. అది ఆగుమనును గాని ఎంతసేపో చెప్పదు. 1985లో బ్రాడ్ మైయర్స్, పని ఎంతవంతు పూర్తియైనదో చూపు పట్టీ ఉంచియు, ఉంచకయు కొందరిచే పనులు చేయించి చూచెను. పట్టీ ఉండుటనే ఎక్కువమంది మెచ్చిరి.

2011లో ప్రారంభమైన మీసేవ కోనసీమకును విస్తరించిన పిమ్మట, అమలాపురం, రాజోలు, కొత్తపేట వాసులకు ఈ నిరీక్షణ అనుభవములోనికి వచ్చినది. ఇచట చిక్కొకటి కలదు. వెబ్‌సైటులో రుసుము చెల్లించునపుడు తెర కదలకున్నచో, పని జరుగలేదని తలచి మీట మరల నొక్కుదురు. ఏర్పాటు సరిగా లేనిచోట సొమ్ము రెండుమారులు పోవచ్చును. పని ఆగిపోయినను తిరుగుచునే యుండు చక్రము అంతకన్న హానికరము. అందుచే జాగ్రత్తగల నిర్మాతలు తొలి నొక్కుతోనే మీటను పనిచేయకుండ జేసి, నిరీక్షణ తెరను చూపుదురు. ప్రతి చెల్లింపునకు ఒక సంఖ్య నిచ్చి, అదే సంఖ్య మరల వచ్చినను ఒకసారిగానే లెక్కింతురు.