పరీక్షార్థి చేతిలో పద్యమును నాటకమును

పద్యమును కంఠస్థము చేయుట మన పాఠశాలలలో ప్రాచీనము. దానినిగూర్చిన ప్రశ్నకు కాగితముపై సమాధానము వ్రాయుట నవీనము. ఈ మార్పు పద్యమునకంటె నాటకమునకే ఎక్కువ హాని చేసినదని మా అభిప్రాయము.

బళ్లారి జిల్లా కలెక్టరుగా నుండిన ఏ. డి. క్యాంబెల్ 1823లో మద్రాసు ప్రభుత్వమునకు పంపిన నివేదికలో, తన జిల్లాలో 533 పాఠశాలలును 6,641 మంది విద్యార్థులును గలరని లెక్క చూపెను. 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించినవాడు గనుక ఆయన మాట త్రోసివేయదగినది కాదు. బాలుడు లెక్కకు మిక్కిలిగా పద్యములు అప్పగించును గాని చిలుకవలె అర్థ మెరుగడనియు, చదువు కావ్యభాష వేరు, ఇంట మాటలాడు భాష వేరగుటయే ఇందుకు హేతువనియు ఆయన ఆక్షేపించెను. ఈ ఆక్షేపణము సగమే న్యాయము. పదియవ యేట గజేంద్రమోక్షమును అర్థము తెలియక వల్లించినవాడు నలువదవ యేట దాని రుచి గ్రహించుట మన పెద్దలలో సర్వసాధారణముగా నుండెను. ధారణలో పడిన పద్యము కాచుకొని యుండును. పరీక్షకై చదివిన తాత్పర్యము మరునాటికే జారిపోవును.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడిన పిమ్మట వ్రాత పరీక్షకు ప్రాబల్యము కలిగెను. అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము, సమాసనామము, అలంకారము: ఇవి ప్రశ్నలకు అచ్చులైనవి. క్యాంబెల్ కోరిన అర్థము తరగతిలోనికి వచ్చినది. కాని బాలుడు ఆ అర్థమును కూడ వల్లింప నారంభించెను. ఐనను పద్యము ఈ ఒత్తిడికి తట్టుకొన్నది. మల్లినాథసూరి వంటి వ్యాఖ్యాతల సంప్రదాయము దానికి వెన్నుగా నుండెను. చెన్నపురి వావిళ్లవారి సటీక ముద్రణములను చూచినవారికి, పరీక్షకు పనికివచ్చిన గ్రంథము పాండిత్యమునకును పనికిరావచ్చునని తెలియును.

నాటకమునకు అట్టి వెన్ను లేదు. తెలుగున అది పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున పెరిగిన ప్రక్రియ. దానిని ఎట్లు పరీక్షింపవలెనో తెలియక, అందలి పద్యములను ఏరి వానికి ప్రతిపదార్థ మడుగుట వాడుకయైనది. ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరను ప్రశ్న యొక్కటియే నాటకమునకు సహజమైనది. దానికి గుణములు మాత్రము స్వల్పము.

ఇంతకంటె లోతైన చిక్కు భాషలోనున్నది. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1891లో ప్రకటించిన నాగానందాంధ్రీకరణమున పాత్రోచితభాషను ప్రవేశపెట్టి, 1897లో ప్రతాపరుద్రీయమున దానిని మరింత విస్తరించిరి. చాకలి పేరిగాడు చాకలి మాటయే పలుకును. ఇట్టి నాటకమును పాఠ్యముగా చదువు బాలుడు పేరిగాని పలుకులకు నవ్వవచ్చును. ఆ పలుకుల సారమును మాత్రము తాను గ్రాంథికమున వ్రాయవలెను. అదే 1897లో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము వెలువడినది. అందు గ్రామ్యము కొన్ని పాత్రలకే పరిమితము గాదు; నాటకమంతయు వ్యావహారికమే.

ఈ ఇద్దరు నాటకకర్తలును 1911-14 నడుమ రేగిన వాదమున ఎదురెదురు పక్షములందు నిలిచిరి. ఆ వాదము రంగస్థలమును గూర్చినది కాదు, పరీక్షార్థి ఏ భాషలో వ్రాయవలెనన్నది. పాఠశాలల తనిఖీ అధికారి యేట్సును, గిడుగు రామమూర్తిగారును వ్యావహారికమునకును, జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికమునకును పూనిరి. విశ్వవిద్యాలయ ఉపసంఘమున సభ్యులైన అప్పారావుగారు అధిక సంఖ్యాకుల నిర్ణయమును అంగీకరింపక 1914లో తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. శాస్త్రిగారు తమ నాటకములందు అనుమతించిన దానిని విద్యార్థికి నిరాకరించుట పరస్పర విరుద్ధమని కొందరందురు. మాకట్లు తోచదు. వారి దృష్టిలో గ్రామ్యము పాత్రకు చెల్లును, కర్తకు చెల్లదు. సమాధానము వ్రాయు బాలుడు కర్త స్థానమున నున్నాడు. సిద్ధాంతము సుసంగతమే. కాని క్యాంబెల్ 1823లో చూచిన రెండు భాషల ఎడము దానివలన చెక్కు చెదరలేదు. గ్రాంథికము తప్పునని భయపడు బాలుడు తనకు తోచిన అభిప్రాయమును విడిచి, అచ్చుపుస్తకమున ముందే గ్రాంథికమున నున్న అభిప్రాయమును ఎత్తి వ్రాయును. తాత్పర్యములు వల్లించుటకు సోమరితనమొక్కటే కారణము కాదు.

ఈ విషయమున పరిశోధక విద్యార్థులు చేయదగిన పని మిక్కిలి గలదు. మద్రాసు విశ్వవిద్యాలయ క్యాలెండరులందు నాటి ప్రశ్నపత్రములు అచ్చుపడినవి. ఏ నాటకమునుండి ఎన్ని పద్యములు అడిగిరి, ఎన్ని సంభాషణలు అడిగిరి అను లెక్క తీసినచో మా అభిప్రాయము నిలుచునో లేదో తేలగలదు. సమాధానములు మాత్రము అచ్చుపడలేదు.