పంటి వేరు కాలువల శుద్ధి – చరిత్ర

పంటి గుజ్జు చచ్చాక వేరు కాలువల్లో స్థిరపడే బ్యాక్టీరియాను తొలగించడమే రూట్ కెనాల్ చికిత్సలో అసలు పని. దీని చరిత్రను మందుల చరిత్రగా చెప్పడం పరిపాటి. అయితే ఆధారాలను వరుసగా పేర్చి చూస్తే, చంపే మందు వందేళ్ల కిందటే దొరికిందనీ, చావాల్సినవి ఎక్కడ, ఏ రూపంలో దాగున్నాయో తెలియడానికే ఎక్కువ కాలం పట్టిందనీ తేలుతుంది. సూచన మొదట్లోనే ఉంది. సూక్ష్మదర్శినితో జీవులను చూసిన డెల్ఫ్ట్ పట్టణపు లీవెన్‌హుక్ 1683లో రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో, తాను వెనిగర్‌తో పళ్లు కడిగితే పాచి పైనున్న జీవులే చచ్చాయనీ, పాచి లోపలికి అది దిగలేదనీ చెప్పాడు. బయోఫిల్మ్ (జిగురులో గుంపుగా అతుక్కుని ఉండే బ్యాక్టీరియా పొర) సమస్య మొత్తం ఆ మాటలో ఉంది. దాన్ని పట్టించుకున్నవారు లేరు.

1890 దశకంలో బెర్లిన్‌లో దంతవైద్యుడు మిల్లర్ చచ్చిన గుజ్జులో బ్యాక్టీరియాను చూశాడు. 1910లో మాంట్రియల్‌లో వైద్యుడు విలియం హంటర్ చేసిన ప్రసంగం తర్వాత, ఒంట్లోని ఎన్నో జబ్బులకు పంటి చీమే మూలమన్న నమ్మకం బలపడి, బాగుచేయగల పళ్లు కూడా లెక్కలేనన్ని ఊడబెరికారు. పళ్లు నిలబెట్టాలనుకున్న వైద్యులు ఫార్మోక్రెసాల్ వంటి ఘాటు మందులను కాలువలో ఉంచి మూసేవారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో డేకిన్, కారెల్ గాయాలకు వాడిన 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ క్రమంగా దంతవైద్యంలోకీ వచ్చింది. అది గుజ్జును కరిగిస్తుందని 1941లో గ్రాస్‌మన్, మైమన్ చూపారు. కారెల్ ఆ ద్రవాన్ని ఒకసారి పోసి ఊరుకోలేదు. గొట్టాలతో గాయంలోకి పదేపదే పంపేవాడు. సేంద్రియ పదార్థం తగిలితే హైపోక్లోరైట్ బలం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి, మందుతో పాటు ఆ పద్ధతికీ అంతే విలువ ఇవ్వాల్సింది.

1965లో కాకెహాషి బృందం క్రిములు లేని ఎలుకల్లో తెరిచిన గుజ్జు మానుతుందనీ, మామూలు ఎలుకల్లో కుళ్లుతుందనీ నిరూపించడంతో దోషి ఎవరో తేలింది. స్వీడన్‌లో బ్యూస్త్రోమ్, సుండ్‌క్విస్ట్ 1980ల తొలినాళ్లలో లెక్క కట్టారు. ఉప్పునీటితో కడుగుతూ అయిదు విడతలు గీకినా 15 పళ్లలో దాదాపు సగమే శుభ్రపడ్డాయి, 0.5 శాతం హైపోక్లోరైట్‌తో 12 పళ్లు. మిగిలిన మూడింటికి కారణం 1987లో నాయర్ తీసిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలను చూస్తే ఊహకందుతుంది. బ్యాక్టీరియా విడివిడిగా ఈదడం లేదు, తమ జిగురులో గుంపుగా గోడలకు అతుక్కుని ఉంది. 2005లో ఆయన బృందం కింది దవడ మొదటి మోలార్లకు (నమిలే దంతాలకు) 5.25 శాతం హైపోక్లోరైట్‌తో ఒకే విడతలో చికిత్స చేసి, వెంటనే వేరు కొనలను కోసి పరీక్షిస్తే, 16లో 14 కొనల్లో బ్యాక్టీరియా మిగిలే ఉంది. ఎక్కువగా కాలువలను కలిపే సన్నని సందుల్లో, పక్క కాలువల్లో, ఆకురాయి తగలని చోట.

అయితే అంత మిగిలిపోతుంటే ఈ చికిత్సలు ఎక్కువ శాతం ఎలా సఫలమవుతున్నాయన్నది న్యాయమైన ప్రశ్న. నింపే ముందు కల్చర్ పరీక్ష చేసి, పళ్లను అయిదేళ్ల దాకా గమనించిన షోగ్రెన్ బృందం 1997 అధ్యయనం కొంత జవాబిస్తుంది. బ్యాక్టీరియా దొరకని పళ్లలో 94 శాతం, దొరికినవాటిలో 68 శాతం మానాయి. అంటే మిగిలిన క్రిములన్నీ హాని చేయవు. కొన్ని గట్టి పూరకం కింద తిండి లేక చస్తాయి. కానీ 26 శాతం పాయింట్ల తేడాను చిన్నదని కొట్టిపారేయలేం. ఎంటరోకాకస్ ఫేకాలిస్ అనే ఒక్క మొండి క్రిమినే నేరస్థురాలిగా చూపే వాదన మరొకటి. మళ్లీ చెడిన పళ్లలో అది తరచూ కనిపించే మాట నిజమే గానీ, అది లేకుండా చెడినవీ బోలెడు.

ఇక గాఢత పెంచితే సరిపోతుందన్న వాదన. వేరు కొన దాటితే ఆ ద్రవం కణజాలాన్ని కాల్చి తీవ్రమైన నొప్పి, వాపు తెస్తుంది. పైగా మూసుకున్న కొన దగ్గర చిక్కుకున్న గాలి బుడగ ఎంత గాఢమైన ద్రవాన్నైనా ఆపేస్తుంది. అందుకే దృష్టి ద్రవం సందుల్లోకి చేరేలా చేయడం మీదికి మళ్లింది. 1957లో నీగార్డ్-ఓస్ట్‌బీ ప్రతిపాదించిన, గీకినప్పుడు గోడలకు అంటే పొట్టును తీసే ఇడిటిఎ అనే రసాయనం, ద్రవాన్ని సుడులు తిప్పే అల్ట్రాసోనిక్ పరికరాలు ఈ దారిలోవే. ప్రయోగశాలలో ఇవి సందులను మరింత శుభ్రం చేస్తున్నాయి. రోగుల్లో మానుదల అదే మేరకు పెరిగిందని మాత్రం ఇంకా గట్టిగా రుజువు కాలేదు. ఎముక నిండిందీ లేనిదీ ఎక్స్‌రేలో తేలడానికే ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.