బాగ్-ఎ-ఆమ్ నుంచి మీర్ ఆలం చెరువు పక్కకు

హైదరాబాదులో జంతువులను చూడటానికి జనం మొదట వెళ్లిన చోటు ఇప్పుడు జూ ఉన్న బహదూర్‌పురా కాదు, నాంపల్లి. నిజాముల కాలంలో అక్కడ వేసిన తోటకు బాగ్-ఎ-ఆమ్ అని పేరు, అంటే అందరి తోట. ఇప్పుడు దాన్నే పబ్లిక్ గార్డెన్స్ అంటున్నారు. జూబ్లీ హాలు, టౌన్ హాలు, మ్యూజియం ఉన్న ఆ ఆవరణలోనే జంతువులకూ కొంత చోటు కేటాయించారు. సాయంత్రం గాలికి వచ్చినవాళ్లు నడుస్తూ నడుస్తూ వాటి దగ్గర కాసేపు ఆగేవారు. ప్రత్యేకంగా జూకని బయలుదేరి వెళ్లడం నగరానికి తర్వాత అలవాటైంది.

1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అయింది. నగరం పెరుగుతుంటే నడిబొడ్డునున్న తోటలో జంతువులకు చోటు చాలలేదు. కొత్త జంతు ప్రదర్శనశాలను నెలకొల్పాలని 1959 అక్టోబరు 26న ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. నాలుగేళ్లకు, 1963 అక్టోబరు 6న, 380 ఎకరాల నెహ్రూ జూలాజికల్ పార్కు తలుపులు తెరిచింది. అప్పటికి నెహ్రూ బతికే ఉన్నారు, ప్రధానిగానే ఉన్నారు. పేరును బట్టి దీన్ని ఆయన స్మారకమనుకునేవాళ్లు ఈ తేదీని గమనించరు.

స్థలం మీర్ ఆలం చెరువును ఆనుకుని ఉంది. నిజాం దివానుగా పనిచేసిన మీర్ ఆలం పేరిట 19వ శతాబ్ది తొలి దశాబ్దంలో తవ్వించిన చెరువు ఇది. దాని కట్ట మామూలు మట్టికట్ట కాదు. అర్ధచంద్రాకారపు 21 రాతి కమానులను వరసగా పేర్చి కట్టినది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు నగరం ఈ నీళ్లే తాగింది. చెరువు పక్కన ఉండటం జూకు పచ్చదనాన్నీ, వలస పక్షులనూ ఇచ్చింది. అదే చెరువు 2020 అక్టోబరు వానలకు పొంగి సఫారీ ప్రాంతాన్ని ముంచెత్తింది.

ఇంత విశాలమైన చోటు దొరకడంతో కట్టుబడి పద్ధతే మారింది. ఇరుకు బోనులకు బదులు చాలా జంతువులకు ఆరుబయలు ఆవరణలు వేసి, జనానికీ జంతువుకూ మధ్య కందకాలు తవ్వారు. 1974లో సింహాల సఫారీ మొదలైంది. దేశంలో అదే మొదటిది. జాలీలు బిగించిన బండిలో కూర్చుని సింహాలు తిరిగే చోటికి వెళ్లడం అప్పటి పిల్లలకు పెద్ద సంబరం. 1982లో వచ్చిన నిశాచర జంతుశాల కూడా దేశంలో మొదటిదే. అందులోని ఏర్పాటు తెలివైనది: రాత్రంతా దీపాలు వెలిగించి, పగలు మసక చీకటి చేస్తారు. వేళలు తారుమారు కావడంతో దేవాంగ పిల్లి, పునుగు పిల్లి, గబ్బిలం వంటివి సందర్శకులు వచ్చే వేళకే మేలుకుని తిరుగుతాయి.

జిల్లాల బడిపిల్లల విహారయాత్రలో చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం తర్వాత జూ తప్పనిసరి మజిలీ అయింది. పాతబస్తీ వాళ్లకు మాత్రం అది ఇంటి పక్క తోట. రంజాన్, బక్రీద్ అయిన మరునాడు కుటుంబాలకు కుటుంబాలే టిఫిన్ డబ్బాలతో వచ్చి చెట్లకింద దుప్పట్లు పరుస్తాయి. వారపు సెలవు సోమవారం. పండుగ ఆ రోజున పడితే సెలవునే పక్కకు జరిపిన సందర్భాలున్నాయి. అలా వచ్చినవాళ్లలో జంతువుల కోసం వచ్చినవారెందరో, నీడ కోసం వచ్చినవారెందరో తేల్చడం కష్టం.

జూ నగరంలోకి నడిచి వచ్చిన సందర్భాలు మరీ ప్రత్యేకమైనవి. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బయలుదేరే బీబీ కా ఆలంనూ, బోనాల వేళ హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయం ఘటాన్నీ ఏనుగు మీద ఊరేగించడం ఆనవాయితీ. ఆ రెంటికీ ఏళ్ల తరబడి జూ ఏనుగే వెళ్లింది. 1938లో పుట్టి, 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి వచ్చిన రాణి, దాని తర్వాత రజని ఈ ఊరేగింపుల్లో నడిచినవే. జంతు సంక్షేమ నియమాలు బిగిశాక నిర్వాహకులు పక్క రాష్ట్రాల నుంచి ఏనుగును తెప్పించుకోవలసి వచ్చింది. రాణి 2021 జూన్‌లో చనిపోయింది.

1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడి దేశంలోని జూలన్నిటికీ ప్రమాణాలు పెట్టింది. అయినా 2000 అక్టోబరులో ఒక రాత్రి ఈ ఆవరణలోనే ఆడపులిని చంపి చర్మం ఒలుచుకుపోయారు. కాపలా ఎంత పలచనో దేశమంతటికీ తెలిసిపోయింది.

జూ చరిత్రలో పెద్ద మలుపు పక్కనున్న అత్తాపూర్ నుంచి వచ్చింది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్త లాల్జీ సింగ్ చొరవతో అక్కడ అంతరించిపోతున్న జంతువుల పరిరక్షణకు లాకోన్స్ ప్రయోగశాల వెలిసింది. 2006లో అక్కడ కృత్రిమ గర్భధారణతో చుక్కల దుప్పి పిల్ల పుట్టింది. 2010 నుంచి జూలోనే మూషిక జింకల పెంపకం చేపట్టారు. కుందేలంత ఉండే ఈ జింకకు కొమ్ములుండవు, ఒక ఈతకు సాధారణంగా ఒకటే పిల్ల. అయితే ఈనిన కొద్ది గంటల్లోనే మళ్లీ ఎదకు వస్తుంది. అందుకే కొద్దిపాటి జింకలతో మొదలైన మంద వందల్లోకి పెరిగింది. వాటిలో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. 2021 మేలో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకినట్టు తేల్చిందీ ఈ ప్రయోగశాలే. దేశంలో జంతువులకు ఆ జబ్బు బయటపడటం అదే మొదటిసారి. సింహాలన్నీ కోలుకున్నాయి.

ఈ జూ నమూనాను విశాఖపట్నం 1977లో, తిరుపతి 1987లో తమ జూలతో అందుకున్నాయి.

1963లో నాంపల్లి నుంచి తరలి వచ్చినవాటిలో ఒక గాలపాగోస్ పెద్ద తాబేలు కూడా ఉంది. అది 2024 మార్చి దాకా బతికింది. దాని వయసు 125 ఏళ్లని జూ అధికారులు లెక్కగట్టారు. ఆ లెక్క సరైనదైతే, ఉస్మాన్‌సాగర్ కట్టకముందే అది పుట్టింది.