బడి నుంచి మొదలైన పోరాటం: దశరథ్ దేవ్

గిరిజన పోరాటాల గురించి రాసేటప్పుడు మన రచయితల చూపు ముందుగా విల్లంబుల మీద పడుతుంది. పలకా బలపాల మీద పడదు. త్రిపుర కమ్యూనిస్టు నాయకుడు దశరథ్ దేవ్ (1916-1998) జీవితం ఈ అలవాటును సవరించుకోమంటుంది.

రాచరిక త్రిపురలో పాలకవంశం గిరిజనులదే. అయినా దర్బారు భాష బెంగాలీ. కొండల్లోని సామాన్యుడికి దక్కినవి వడ్డీవ్యాపారి అప్పూ, 'తితున్' అనే వెట్టిచాకిరీ. పత్రంలో ఏముందో చదవలేనివాడు వేలిముద్ర వేయక ఏం చేస్తాడు? 1945 డిసెంబరులో దశరథ్ దేవ్, సుధన్వ దేవ్‌వర్మ మొదలైన విద్యావంతులు జనశిక్షా సమితిని స్థాపించింది ఈ స్థితిలోనే. కొండపల్లెల్లో వందలాది బడులు వెలిశాయి. బడి కోసం కూడిన జనం వెట్టి గురించీ మాట్లాడుకున్నారు. 1948లో నిర్బంధం విరుచుకుపడినప్పుడు గణముక్తి పరిషత్తుకు పునాది అయింది ఆ జనమే.

1952లో తెలంగాణ పోరాట యోధుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అదే సభకు దశరథ్ దేవ్ అజ్ఞాతంలో ఉండగానే ఎన్నికయ్యారు. ప్రభుత్వం వెతుకుతున్న మనిషిని ప్రజలు పార్లమెంటుకు పంపారు!

అయితే ఈ కథను విజయపరంపరగా మాత్రమే చెబితే చరిత్రకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులు వెల్లువలా వచ్చారు. 1981 నాటికి గిరిజనులు రాష్ట్ర జనాభాలో మూడోవంతు కూడా లేరు. భూమి చేజారింది, భాష వెనకబడింది. పీడిత గిరిజనుడూ, ఇల్లు వాకిలి కోల్పోయిన బెంగాలీ పేదా ఒకే పక్షాన నిలవాలన్నది దశరథ్ దేవ్ రాజకీయం. 1979లో వామపక్ష ప్రభుత్వం కొక్‌బొరొక్‌ను రాష్ట్రభాషగా గుర్తించింది. గిరిజన స్వయంపాలిత మండలికి చట్టం చేసింది. మరుసటి ఏడాదే, 1980 జూన్‌లో, జాతి వైషమ్యాల మంటల్లో రెండు పక్షాల పేదలూ మాడిపోయారు. ఆ ఐక్యత ఎంత అవసరమో, ఎంత పెళుసైనదో ఒక్కసారే తేలిపోయింది. 1993లో ఆయన త్రిపురకు తొలి గిరిజన ముఖ్యమంత్రి అయ్యారు.

సాహిత్యకారులుగా మనం గమనించవలసింది మరొకటుంది. కొక్‌బొరొక్‌లో తొలి నవల 'హాచుక్ ఖురియొ' 1987లో వెలువడింది. రచయిత, జనశిక్షా సమితి నిర్మాతల్లో ఒకరైన సుధన్వ దేవ్‌వర్మే. ఆ భాషను బెంగాలీ లిపిలో రాయాలా, రోమన్ లిపిలోనా అన్న వివాదం ఇంకా తెగలేదు. అంటే పదవి దక్కినంత మాత్రాన అక్షరం దక్కినట్టు కాదు. మన గోండి, కోయ, సవర భాషల సంగతేమిటి? గిరిజనుణ్ణి కథావస్తువుగా తీసుకునే మనం, అతడు తన భాషలో కథకుడయ్యే పరిస్థితుల కోసం ఏం చేస్తున్నాం? దశరథ్ దేవ్ జీవితం మన ముందుంచే ప్రశ్న ఇదే.