జనన పత్రము

కెనడా దేశమున మంచుహాకీ పురుషుల సొత్తని లోకమెంతగా నమ్మినను, ఆ దేశపు గవర్నరు జనరలుగా నుండిన స్టాన్లీ ప్రభువు కుమార్తె ఇసొబెల్, 1890 ప్రాంతమున ఒట్టావాలోని రిడో హాలు ఆవరణమున, పాదములంటు తెల్లని పావడతో కర్ర చేబూని ఆడిన ఛాయాచిత్రము నేటికిని నిలిచి, ఆ నమ్మకమును ఎగతాళి చేయుచునే యున్నది. ఆ కాలపు స్త్రీలు ఉన్ని పావడలతోనే మంచుగడ్డపై జారుచు, ఎదుటి జట్టువారు మీదికి వచ్చినపుడు 'పక్' అను నల్లని రబ్బరు బిళ్ళను కుచ్చెళ్ళక్రింద దాచెడివారట. ఆటకు అడ్డమనుకొన్న వస్త్రమే వారికి ఉపాయమైనది.

అయినను ఆట యాడుట వేరు, ఆటగత్తెగా పేరు వ్రాయించుకొనుట వేరు. 1955లో టొరంటో నగరమున ఎనిమిదేండ్ల ఆబీ హాఫ్‌మన్, కురచ జుట్టుతో, 'ఆబ్' అను పేరిట బాలుర లీగులో చేరినపుడు, ఆమె జనన పత్రమును ఎవ్వరును నిదానించి చదువలేదు. రక్షణ పంక్తిలో నిలిచి బిళ్ళను చక్కగా అడ్డగించు ఆ 'పిల్లవాడు' ఒక ప్రత్యేక పోటీకి ఎంపికైన పిమ్మట గదా, వయస్సు సరిచూడబోయిన అధికారులకు ఆ కాగితముమీద ఆడుబిడ్డ యన్న గుర్తు కంటబడినది! తల్లిదండ్రులు న్యాయస్థానమునకెక్కిరి గాని, తీర్పు లీగు పక్షముననే వచ్చినది. ఆబీ పరుగుపందెములకు మరలి, నాలుగు ఒలింపిక్సులలో పాల్గొని, 1976లో మాంట్రియల్‌లో తన దేశపు పతాకమును మోసెను. ఆమెను కాదన్న ఆటయే తరువాత తప్పు దిద్దుకొన్నట్లు, 1982లో ఆరంభమైన మహిళల జాతీయ పోటీలో విజేతల కప్పునకు ఆబీ హాఫ్‌మన్ పేరే పెట్టిరి.

వయోజన స్త్రీలకు ప్రపంచ పోటీ 1990లో ఒట్టావాలోను, ఒలింపిక్ ప్రవేశము 1998లో నాగానోలోను లభించెను; పదునెనిమిదేండ్ల లోపు బాలికల వంతు మాత్రము 2008 జనవరిలో గాని రాలేదు. కాల్గరీ నగరమున ఎనిమిది దేశముల బాలికలు తలపడగా, స్వదేశమున ఆడుచున్న కెనడా జట్టు తుదియాటలో 5-2 తేడాతో అమెరికాకు ఓడినది. ఆ ఓటమి వ్యర్థము కాలేదు. ఆ జట్టులోని మేరీ ఫిలిప్ పూలాన్ రెండేండ్లకే, పదునెనిమిదేండ్ల ప్రాయమున, వాంకూవర్ ఒలింపిక్ తుదియాటలో అమెరికాపై రెండు గోలులును తానే కొట్టి దేశమునకు స్వర్ణము తెచ్చెను. 2010లోనే షికాగోలో కెనడా బాలికలు అదనపు సమయమున 5-4తో అమెరికాను గెలిచి తొలి స్వర్ణమందుకొనిరి. ఆ పోటీలో అత్యుత్తమ క్రీడాకారిణియైన జెస్సికా క్యాంబెల్ 2024లో సియాటిల్ క్రాకెన్ పురుషుల జట్టునకు సహాయ శిక్షకురాలై, ఆ జట్టు ఆడు ఎన్.హెచ్.ఎల్. మహాలీగున అట్టి పూర్తికాల పదవి నందిన తొలి స్త్రీ యైనది.

ఈ బాలికల జట్టున చోటునకు పుట్టిన తేదీయే తొలి యోగ్యత. దానికి ఋజువుగా చూపు కాగితమును, నాడు ఆబీని మంచుమీదినుండి దింపిన కాగితమును ఒక్కటే. మారినది చదువు కన్నులు మాత్రమే.